తడిగోనె కప్పిన పెద్ద పిడేలు

ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ఉమాదేవికి టికెట్టు లేదు. ఆమె పెట్టెకు మాత్రం ఉంది. గుత్తికి పోయే పల్లెవెలుగులో ఆ పెట్టె ఎక్కిందంటే ఒక మనిషి సీటు తినేస్తుంది. నిలబెడితే పక్కవాళ్ళ మీద ఒరుగుతుంది, పడుకోబెడితే దిగేవాళ్ళ కాళ్ళకు అడ్డం. కండక్టరు మొదటిరోజే సంగతి తేల్చేశాడు.

"నువ్వు ఆడపిల్లవు, సరే. ఇది ఆడదని ఎట్ల నమ్మేదమ్మా? ఆధార్ కార్డు ఉండాదా దీనికి?"

బస్సంతా నవ్వింది. ఉమాదేవి కూడా నవ్వేసి పెట్టెకు ఫుల్ టికెట్టు కొట్టించుకుంది. పోనుపోను ఆ బస్సువాళ్ళకు పెట్టె ఎంత అలవాటైందంటే, ఆమె ఎప్పుడైనా ఒట్టి చేతులతో ఎక్కితే "ఏమ్మా, ఇంటాయన రాలేదా?" అని అడుగుతారు. ఇరవై నాలుగేళ్ళ పిల్లను పట్టుకుని అనాల్సిన మాట కాదు గానీ, ఆ రూట్లో అందరి నోళ్ళూ అంతే.

పెట్టెలో ఉండేది చెల్లో. ఊళ్ళో ఎవరికీ ఆ పేరు నోరు తిరగదు కనక పెద్ద పిడేలు అంటారు. ఆ పేరుకేం తక్కువ లేదు. పిడేలును భుజాన ఆనించుకుంటే, దీన్ని కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంటారు. తీగలు నాలుగే, కమానూ అదే తీరు. గొంతు మాత్రం వేరు. పొద్దున్నే లేచిన పెద్దమనిషి ఆ రోజు మొదటి మాట మాట్లాడినట్టు, లోతుగా, కొంచెం బొంగురుగా వస్తుంది.

ఉమాదేవిది గుత్తికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని పల్లె. తండ్రి తిప్పయ్యకు నాలుగెకరాల మెట్ట, పదిహేను గొర్రెలు. వాన పడిన ఏడు వేరుశనక్కాయ, పడని ఏడు ఆకాశం వైపు చూడడం. తల్లి సుంకమ్మకు కూతురి పొడుగు ఒక దిగులు. "ఈ కరువునేలలో ఏం తిని ఇంత పెరిగిందో" అంటుంది, ఎవరో కావాలని చేసిన పనిలాగ. ఉమాదేవి డిగ్రీ అయ్యాక ఊళ్ళోని పాలకేంద్రంలో పనికి కుదిరింది. పొద్దున, సాయంత్రం పాలు పోయించుకోవాలి, వెన్న శాతం చూడాలి, నీళ్ళు కలిపిన వాళ్ళతో మొహమాటం లేకుండా పోట్లాడాలి. మూడో పనిలో ఆమెకు మంచి పేరుంది. మధ్యలో మిగిలిన పగలంతా పెద్ద పిడేలుదే.

సంగీతం ఆమెకు నీళ్ళ పుణ్యాన వచ్చింది. గుత్తిలో ఇంటర్ చదివేటప్పుడు ఒక ఎండాకాలం హాస్టల్లో నీళ్ళు రాక, పక్కింట్లో బిందె పట్టుకోవడానికి పోయింది. ఆ ఇల్లు సుబ్బరత్నమ్మగారిది. బడిలో సంగీతం పంతులమ్మగా చేసి రిటైరై, ఇంట్లో పిల్లలకు వయొలిన్ చెబుతున్నావిడ. కొళాయి కింద బిందె పెట్టి, లోపలి వయొలిన్ వింటూ ఉమాదేవి అట్లాగే నిలబడిపోయింది. సుబ్బరత్నమ్మ బయటికొచ్చి గుండె బాదుకుంది.

"బిందె నిండి పొర్లిపోతాండాదే, కనపళ్యా? ఏ ఊరు పిల్లవు నువ్వు?"

అనంతపురం జిల్లాలో పుట్టిన పిల్ల నీళ్ళు పారబోసిందంటే అది మామూలు పరధ్యానం కాదని ఆవిడకు తెలుసు. మరుసటి వారం నుంచి పక్కన కూర్చోబెట్టుకుని సరళీస్వరాలు మొదలుపెట్టింది.

అక్కడే ఇంకో ముగ్గురు కలిశారు. బట్టలంగడి వాళ్ళబ్బాయి కార్తికేయ, అతనికి పాట కంటే పాటను విప్పి మళ్ళీ కట్టడం ఇష్టం. ఐశ్వర్య, వేళ్ళు చురుకు, నోరు ఇంకా చురుకు. ప్రవీణ్, ఆదివారాలు చర్చిలో వయొలిన్ వాయిస్తూ, మిగతా రోజులు సుబ్బరత్నమ్మ దగ్గర త్యాగయ్య కీర్తనలు నేర్చుకునేవాడు. మూడేళ్ళ కిందట బెంగళూరులోని ఒక ట్రస్టు వాళ్ళు పది రోజుల శిక్షణ పెట్టి, ఈ నలుగురినీ పిలిచి, వాళ్ళు కలలో కూడా వినని సంగీతం చెవిన వేశారు. రెండు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో, పెద్ద సభల కోసం కాకుండా ఇంట్లో ఒక గదిలో కూర్చుని వాయించుకోవడానికి రాసిన సంగీతం. నాలుగు తీగవాద్యాలు, నలుగురు మనుషులు. పాడేవాళ్ళు లేరు, మృదంగం లేదు, మైకు లేదు. నలుగురూ నాలుగు వేరు మాటలు మాట్లాడితే అన్నీ కలిసి ఒక మాట కావాలి. ఒకరు పెద్ద, మిగతావాళ్ళు పక్కవాద్యం అనే లెక్క అందులో లేదు.

ట్రస్టు వాళ్ళు పోతూ పోతూ ప్రవీణ్‌కు ఒక వయోలా, ఉమాదేవికి ఒక చెల్లో వాయించుకోవడానికి ఇచ్చారు. వయోలా అంటే వయొలిన్‌కు అన్నలాంటిది. చెల్లో ఉమాదేవికే ఎందుకంటే, మిగతా ముగ్గురిలో ఎవరు దాని పక్కన నిలబడినా అదే పెద్దగా కనబడింది. సుంకమ్మ దిగులుపడిన పొడుగు ఆ విధంగా ఒక పనికొచ్చింది.

ఊరికే ఇవ్వలేదు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. గడువు మూడేళ్ళు. ఆ తర్వాత చూసి, బాగా వాయిస్తుంటే, వాద్యం బాగా ఉంటే, గడువు పొడిగిస్తారు. లేకుంటే వెనక్కి తీసుకుని వరసలో ఉన్న ఇంకో పిల్లకు ఇస్తారు. వాద్యం తీసుకున్నవాళ్ళు తప్ప వేరేవాళ్ళ చెయ్యి దాని మీద పడకూడదు. పడి ఏమైనా చెడితే గడువుతో పని లేదు, అప్పుడే వెనక్కి. ఉమాదేవి ఆ కాగితం ఇంట్లో గట్టిగా చదివి వినిపించింది. తిప్పయ్య అక్షరాలా పాటించాడు. మూడేళ్ళుగా నడింట్లో ఆ పెట్టె ఉంది, ఆయన దాని చుట్టూ తిరిగి నడుస్తాడు, గొర్రెపిల్ల అటు పోతే అదిలిస్తాడు, వేలు మాత్రం తగలనివ్వలేదు. కూతురు వాయించేటప్పుడు బయట అరుగు మీద కూర్చునేవాడు. లోపలికి వస్తే ఎక్కడ తగులుతుందోనని.

ఈ నలుగురి సంగీతంలో మొదటి రెండేళ్ళూ తగువులే. కర్ణాటక సంగీతం నేర్చిన వేళ్ళు స్వరాన్ని ఊపకుండా పట్టుకోలేవు. నలుగురు కలిసి నాలుగు స్వరాలు పట్టినప్పుడు ఒకరు ఊపితే మొత్తం వణుకుతుంది. అందులో ఐశ్వర్య పెద్ద దోషి.

"ఆ స్వరం అట్లే పట్టుకోవే తల్లీ, మేం ముగ్గురం దాన్ని నమ్ముకోని నిలబడినాం" అని కార్తికేయ మొత్తుకునేవాడు.

సుబ్బరత్నమ్మ ఐశ్వర్య పక్షం. "ఊపకుంటే అది స్వరమెట్లయితాదప్పా? గోడకు కొట్టిన మేకయితాది."

చివరికి కార్తికేయే దారి చూశాడు. ట్రస్టు వాళ్ళు నేర్పిన పాటనొకదాన్ని పాత క్యాలెండర్ల వెనక పెన్సిలుతో కొత్తగా రాసుకొచ్చాడు. పాట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మన పద్ధతిలో ఎంతైనా ఊపుకోవచ్చు. నలుగురూ కలిసి నిలబడే చోట మాత్రం ఎవరూ కదలకూడదు. నెమ్మదిగా సాగే రెండో భాగంలో, అసలు రాతలో పైన వయొలిన్ ఎత్తుకునే పాటను తీసుకొచ్చి కింద చెల్లోకు ఇచ్చాడు. పన్నెండు ఆవర్తనాలు ఉమాదేవి ఒక్కతే వాయించాలి. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరతారు. ఆ రాత చూసినప్పుడు ఉమాదేవికి సంతోషం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. నెల తిరిగేసరికి భయం పోయి సంతోషమే మిగిలింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. దాని వెనకే పొడిగాలి దిగింది. పెదాలు పగిలాయి, తలుపులు వదులయ్యాయి, వయొలిన్ తీగలు బిగించే బిరడలు పట్టు నిలవకుండా జారిపోసాగాయి. వచ్చే ఆదివారం సాయంత్రం గుత్తిలో కల్యాణమండపం మేడమీది హాల్లో నలుగురి కచేరీ. ట్రస్టు తరఫున వాద్యాలు బాగుచేసే గురుమూర్తిగారు వస్తున్నారు. ఆయన విని, చూసి, చెల్లో ఉండాలో పోవాలో చెబుతారు.

బుధవారం నాడు ఉమాదేవి అడుగు తీగ మీద కమాను లాగితే జిర్రుమని ఒక చప్పుడు తోడొచ్చింది. వెతికితే కింది అంచున పై పలకా పక్క పలకా కలిసే అతుకు విడిచి, గోరు దూరేంత సందు కనబడింది. అన్నం దగ్గర ఆ మాటే చెప్పింది.

"ఎండకు అతుకు విడిచింది నాయనా. రేపొచ్చినాక సార్‌కు ఫోన్ చేయాల."

పాలకేంద్రానికి కొత్త మిషను వచ్చింది. దాన్ని ఎలా వాడాలో చెప్పడానికి గురువారం అనంతపురానికి రమ్మన్నారు. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళిపోయింది.

ఇంట్లో తిప్పయ్య, సుంకమ్మ, పెట్టె మిగిలారు. తిప్పయ్య పొలం వెళ్ళి, గంటలో తిరిగొచ్చాడు. కుదురు లేదు. ఎద్దులు, బండి ఉన్న రోజుల్లో ఆయన ఎండాకాలాలు ఎన్ని చూడలేదు! ఎండకు బండిచక్రం కొయ్య ముడుచుకుని ఇనప పట్టా వదులైతే ఏం చేస్తారు? తడిగోనె చుట్టి నీళ్ళు చల్లుతారు. తెల్లారేసరికి కొయ్య ఉబ్బి పట్టా బిగుస్తుంది. పసిపిల్లవానికి కూడా తెలిసిన వైద్యం.

"ముట్టకూడదని చదివి చెప్పింది గదా పాప" అంది సుంకమ్మ.

"ముట్టేది యాడ? గోనె కప్పేదే గదా."

ఈ వాదన నిలిచేది కాదని ఆయనకూ తెలుసు. అయినా కూతురి పని చెడిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. పెట్టెను దుప్పటితో పట్టుకుని తెరిచాడు. దుప్పటితోనే చెల్లోను ఎత్తి నులక మంచం మీద పడుకోబెట్టాడు. చేతులు తగల్లేదు, కాగితం మాట తప్పలేదు. రెండు గోనెసంచులు నానబెట్టి, పిండి, పైనుంచి కిందిదాకా కప్పాడు. ఇక రోజంతా చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ పక్కనే కాపలా. గొర్రెలను ఆ రోజు పక్కింటివాళ్ళు తోలుకుపోయారు.

సాయంత్రం ఉమాదేవి వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూడు మ్మేయ్, ఎంత చల్లగా పండుకోనుండాదో."

ఉమాదేవి గోనె ఎత్తింది. ఎర్రగా మెరవాల్సిన వార్నీషు పాలిపోయి తెల్లబారింది. గోరంత సందు జానెడున్నర అయింది. లోపలి చీకటి కనబడుతోంది. బండిచక్రానికి జిగురు లేదు, ఇనప పట్టా ఉంది. దీనికి ఇనుము లేదు, జిగురే ఉంది. ఆ జిగురు తోలు ఉడకబెట్టి తీసింది, నీళ్ళు తగిలితే కరుగుతుంది. ఆ సంగతి తిప్పయ్యకు ఎవరు చెప్పారని?

"ఏమైంది మ్మేయ్?"

"ఏం లేదు నాయనా."

దొడ్లోకి పోయి ఏడ్చింది. ఆ నిమిషంలో తండ్రి మీద ఆమెకు పట్టరానంత కోపం వచ్చింది. రోజంతా కూర్చుని నీళ్ళు చల్లాడన్నది గుర్తొచ్చి, కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇంకాస్త ఏడ్చింది.

ఫోన్ చేస్తే కార్తికేయ, ప్రవీణ్ బండి మీద వచ్చారు. కార్తికేయ వంగి ఆ సందులోకి చూశాడు.

"మా అంగడి పక్కన కార్పెంటర్ ఉండాడు. తెల్లబంక పెట్టి అతికిస్తాడు. సార్‌కు కనపడదులే."

"కనపడదు, వినపడతాది" అన్నాడు ప్రవీణ్.

ఆ మాటతో ఉమాదేవి కళ్ళు తుడుచుకుని గురుమూర్తికి వీడియో కాల్ చేసింది. ఆయనది చిలమత్తూరు, నలభై ఏళ్ళుగా బెంగళూరులో ఉన్నా మాట మారలేదు. ఫోన్లో చెల్లోను చూసి, కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

తిప్పయ్య దూరంగా గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి ఉన్నాడు. తాను చేసింది వైద్యం కాదని ఈలోగా ప్రవీణ్ నోటివెంట తెలిసింది. ఆ తర్వాత ఇటు రావడం లేదు.

"నేనే సార్. తడిగోనె కప్పితే బిగుస్తాదనుకున్నా."

"వేరే ఎవరూ ముట్టలేదు గదా?"

"లేదు సార్."

ముఖం చూస్తూ అబద్ధం చెప్పడం ఉమాదేవికి అదే మొదలు. పాలలో నీళ్ళు కలిపేవాళ్ళు ఇంత తేలిగ్గా ఎలా చెబుతారో అనిపించింది.

"పలక యాడైనా పగిలిందా? బాగా చూడు."

"లేదు సార్, అతుకే విడిచింది."

"అయితే బతికింది. ఆ అతుకుకు మెత్తటి జిగురు పెట్టేదే అందుకు. చెక్క ముడుచుకుంటే అతుకు విడవాల, పలక పగలకూడదు. తెల్లబంక పెట్టినావంటే మాత్రం నేను గుత్తికి వచ్చేది నిన్ను కొట్టేదానికే."

చేయాల్సింది చెప్పాడు. తీగలు వదులు చేయాలి. ఒక పగలు నీడలో ఆరనివ్వాలి. తర్వాత సన్న కుంచెతో వేడినీళ్ళు అతుకులో పెడితే పాత జిగురే మళ్ళీ మెత్తబడుతుంది. అప్పుడు నొక్కి పట్టి, కింద మెత్తటి గుడ్డ వేసి, సైకిల్ ట్యూబును రిబ్బన్లలాగ కోసి చుట్టి కట్టాలి.

"మా బెంగళూరులో ఆరాలంటే మూడు దినాలు పడతాది. మీ ఊరి గాలికి ఒక్క దినం చాలు" అన్నాడు. అనంతపురం పొడిగాలిని ఒకరు మెచ్చుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

శుక్రవారం సాయంత్రం పంచలో పని మొదలైంది. ప్రవీణ్ పట్టుకుంటే, కార్తికేయ నొక్కితే, ఉమాదేవి ట్యూబు చుట్టింది. వదులుగా వచ్చింది. విప్పి మళ్ళీ చుట్టింది. ఒక పక్క బిగిస్తే రెండో పక్క లేస్తోంది. దొడ్డి దగ్గర నిలబడిన తిప్పయ్య రెండడుగులు ముందుకొచ్చాడు. రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు.

"అట్ల గాదు మ్మేయ్. ఒకపక్క నుంచి రావద్దు. నడుమ మొదలుపెట్టు. ఆ పక్క ఒక చుట్టు, ఈ పక్క ఒక చుట్టు. గడ్డిమోపు కట్టేది సూళ్యా నువ్వు?"

ఆయన అక్కడి నుంచే చెప్పాడు, ఆమె కట్టింది. అతుకు వెంట్రుక కూడా దూరనట్టు మూసుకుంది. పని అయ్యేదాకా ఆయన చేతులు వెనకనుంచి ముందుకు రాలేదు. అది చూసి ఉమాదేవికి నిన్నటి కోపం పూర్తిగా పోయింది.

ఆదివారం పొద్దున ట్యూబు విప్పారు. పట్టింది. వార్నీషు మచ్చ అట్లాగే ఉంది, ఎవరేం చేయగలరు.

మేడమీది హాల్లో అరవై మందిదాకా చేరారు. కార్తికేయ బంధువులు సగం, ప్రవీణ్ చర్చివాళ్ళు పావు, మిగతా పావు ఏం జరుగుతుందో చూద్దామని వచ్చినవాళ్ళు. సుబ్బరత్నమ్మ ముందు వరసలో కూర్చుంది, తొడ మీద తాళానికి చెయ్యి సిద్ధం. గురుమూర్తి చిన్న తోలుసంచితో ఆమె పక్కనే కూర్చున్నాడు. ముందుగా వాద్యం చూస్తారా అని కార్తికేయ అడిగితే, "ముందు వినాల, తర్వాత చూడాల" అన్నాడు. తిప్పయ్య, సుంకమ్మ చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నారు.

మొదటి భాగం హుషారుగా, కొంచెం కంగారుగా సాగింది. చివర అందరూ చప్పట్లు కొట్టబోతే పాట ఇంకా అయిపోలేదన్నట్టు సుబ్బరత్నమ్మ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. ఆగిపోయారు.

రెండో భాగం. ముగ్గురూ కమానులు దించి కూర్చున్నారు. ఉమాదేవి ఒక్కతే. అడుగు తీగ మీద కమాను పెట్టినప్పుడు ఆమె చెవి పాట మీద లేదు, అతుకు మీద ఉంది. జిర్రుమంటుందా? అనలేదు. రెండో స్వరం. అనలేదు. నాలుగో ఆవర్తనానికి అతుకు సంగతే మరిచిపోయింది. పాట నెమ్మదిగా, నింపాదిగా నేల మీంచి లేచింది. తమకు తెలిసిన రాగమేదో అందులో తొంగి చూసి పోతున్నట్టు జనం తలలు కదిలాయి. ప్రవీణ్ చేరాడు. కార్తికేయ చేరాడు. చివర పైన ఐశ్వర్య ఒక్క స్వరం పట్టింది. ఊపలేదు. అంతసేపు అట్లాగే పట్టింది. కింద ముగ్గురూ దాన్ని నమ్ముకుని నిలబడ్డారు. సుబ్బరత్నమ్మ తొడ మీది చెయ్యి తాళం మానేసి ఊరికే ఉండిపోయింది. ఇంత సంతోషం తనకు ఇదివరకు ఎప్పుడూ లేదని ఉమాదేవికి వాయిస్తూనే తెలిసింది.

కచేరీ అయ్యాక జనం మిక్చర్ పొట్లాల దగ్గర మూగారు. గురుమూర్తి చెల్లోను బల్ల మీద పడుకోబెట్టి, సంచి పక్కన పెట్టి, మచ్చ చూశాడు, అతుకు చూశాడు.

"బాగా కట్టినావమ్మా. మా దగ్గర పనిచేసే పిల్లోళ్ళు కూడా ఇంత సమంగా కట్టరు. మచ్చ సంగతంటావా, నువ్వే చేసినావు, నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి..."

"అయ్యా" అన్నాడు ఎవరో. తిప్పయ్య. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఫోన్లో కూతురు ఏం చెప్పిందో ఆయనకు తెలియదు. "గోనె కప్పింది నేను సామీ. పాప ఊర్లో లేదు, దానికేం తెల్దు. కొయ్య గదా, బండిచక్రం మాదిరి బిగుస్తాదనుకున్నా. తప్పు నాది. పాపను ఏమీ అనొద్దండి."

గురుమూర్తి ఆమె వైపు చూశాడు.

"వేరే ఎవరూ ముట్టలేదంటివి?"

"అబద్ధం చెప్పినా సార్" అంది ఉమాదేవి. కార్తికేయ, ప్రవీణ్, ఐశ్వర్య వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. చెల్లో పోతే నలుగురూ పోయినట్టే.

గురుమూర్తి చెల్లో అంచు వెంబడి వేలి కణుపుతో చిన్నగా తడుతూ పోయాడు. అతుకు గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, విడిచిన చోట ఇంకో చప్పుడు. అది ఆయన పరీక్ష. టక్, టక్, టక్. చుట్టూ ఒకసారి తట్టి చేతులు దులుపుకున్నాడు.

"సామీ" అన్నాడు తిప్పయ్య మళ్ళీ. "ఆడ ఇంకోసారి కొట్టండి. పైన, ఎడంపక్క. ఆడ గొంతు మారింది."

గురుమూర్తి కనుబొమలు ఎగరేసి, చూపించిన చోట తట్టాడు. పక్కన తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తట్టాడు. సంచిలోంచి పలచటి రేకు తీసి అంచులో పెడితే రవ్వంత లోపలికి దిగింది. అతుకు అక్కడ కొత్తగా విడవడం మొదలుపెట్టింది.

"నలభై ఏండ్లుగా ఇదే పని నాది. నేను దాటి పోయినా. నీకెట్ల వినపడిందప్పా?"

"కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తాం గదా సామీ. అంతే."

గురుమూర్తి ఉన్నట్టుండి నవ్వాడు. ఆ సందుకు ఇంటికి పోయినాక వేడినీళ్ళు పెట్టి ట్యూబు కట్టమని, అంతదాకా వాయించినా ఏం కాదని చెప్పాడు. తర్వాత కాగితం తీశాడు. ముందు ఉమాదేవికి తిట్లు పడ్డాయి, ఆ తిట్లు ఇక్కడ రాయనక్కర్లేదు, అన్నీ న్యాయమైనవే. అప్పుడు మూడేళ్ళ గడువు రాశాడు. వాద్యం తీసుకున్నవాళ్ళు అన్నచోట ఉమాదేవి అని రాసి, కలం ఆపి, పక్కనే తిప్పయ్య పేరు కూడా రాశాడు.

"వేరేవాళ్ళ చెయ్యి పడకూడదు. ఇంగ నువ్వు వేరేవాడివి గాదు. వారానికి ఒకసారి చుట్టూ తట్టి చూసేది నీ పని. నీళ్ళు మాత్రం వద్దు నాయనా, నీకు దండం పెడతా."

తిప్పయ్య పేరు చూసుకున్నాడు. బ్యాంకులో పెట్టినట్టే, ఒక్కో అక్షరం విడిగా, సంతకం పెట్టాడు. ఉమాదేవి ఏడుస్తూ నవ్వింది. ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు.

"అయితే ఇంగ నేను దీన్ని ముట్టొచ్చునా సామీ?"

"ముట్టకుంటేనే అడుగుతా" అన్నాడు గురుమూర్తి.

తిప్పయ్య అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. ఉమాదేవి కుర్చీలో కూర్చుని చెల్లోను మోకాళ్ళ మధ్య నిలబెట్టింది. ఆయన పక్కన గొంతుకూర్చుని, పసిబిడ్డ వీపు మీద పెట్టినట్టు, దాని పక్క పలక మీద చెయ్యి పెట్టాడు.

"వాయించు మ్మేయ్" అన్నాడు.

ఆమె అడుగు తీగ మీద కమాను నిదానంగా లాగింది. పలక అదురుకు తిప్పయ్య చెయ్యి ఉలిక్కిపడింది, కానీ తియ్యలేదు.

"మూడేండ్లుగా ఇదేనా నువ్వు ఇంట్లో వాయిస్తాండేది?" అన్నాడు. "నేను బయట కూసోని చానా పోగొట్టుకున్నా."

"ఇంగా ఉండాది నాయనా" అని ఉమాదేవి పాట మొదటినుంచి ఎత్తుకుంది.